కురెంట్ ఇవ్వమన్నారు

ఈస్టర్ ముందరి గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు రొమేనియాలోని బుజావు ఊళ్లో పర్వులెస్కు బేకరీలో, పిండి పొంగే గది తలుపునూ ఎదురెదురు కిటికీలనూ బార్లా తెరిచారు. తెరిచింది సవేత. అంతకుముందు ఆ తలుపును ఓరగా వదిలినవాళ్లను కూడా ఆమె చీపురు పట్టుకుని తరిమేది.

ఆ రోజు అనుకున్నది చిన్న పని. బేకరీ యజమాని ఒక్తావియన్ సవేతకు అల్లుడు. తొలి వాయి కొజొనాక్ రొట్టెలను అతను వ్యానులో గలాట్స్ తీసుకువెళ్లాలి. రెండో వాయి పిండి అచ్చుల్లో పొంగుతోంది. బుజావులో సగం ఇళ్ల పండగ రొట్టె అది. చెడితే మళ్లీ కలిపే వ్యవధి లేదు. గది వేడిని చూసుకోవడానికి ఒక్తావియన్ ఓ పెట్టె కొన్నాడు. దారిలోంచే ఫోనులో వేడి ఎంతో చూసి, పెంచడమో తగ్గించడమో చేయాలని అతని ఆలోచన.

ఇన్నేళ్లూ ఆ పని సవేతది. మోచెయ్యి లోపలికి చాపి వేడి ఎంతో చెప్పేది. ఆ గది దగ్గర ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

"ఇక మీరు హాయిగా ఇంట్లో కూర్చుని గుడ్లకు రంగులేసుకోవచ్చు, అత్తయ్యా," అన్నాడు ఒక్తావియన్ వ్యాను ఎక్కుతూ. మంచిమాటే అన్నాననుకున్నాడు.

పెట్టెను ఫోనుకు కలపవలసినవాడు హోరియా. ఉండేది దూరాన క్లుజ్‌లో. క్లుజ్ వాళ్లందరిలాగే మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటాడు. బేకరీ ఇంటర్నెట్‌కు ఫైర్‌వాల్ ఉంది. దాన్ని పెట్టినవాడు ఇటలీ వెళ్లిపోయాడు. ఎలా తీయాలో చెప్పి వెళ్లలేదు.

"ఆ గోడ... బయటివాళ్లను లోపలికి రానివ్వదమ్మా," అన్నాడు హోరియా ఫోనులో. "లోపలినుంచి బయటికి వెళ్లేవాళ్లను మాత్రం ఆపదు. అందుకని నేను పెట్టెను పిలవను. పెట్టే నన్ను పిలుస్తుంది. అది తెరిచిన దారినే... నేను లోపలికి వస్తాను."

"మా ఆయన గుమ్మంలో కాపలా కూర్చున్న రోజుల్లో మా పెద్దపిల్ల సరిగ్గా ఇదే చేసింది," అంది సవేత. "ఏం చెయ్యాలో తొందరగా చెప్పు బాబూ. నువ్వు మాట ముగించేలోగా నా పిండి వీధిలో ఉంటుంది."

"ముందు ఇది చెప్పండి. పెట్టె దగ్గర... కురెంట్ ఉందా?"

రొమేనియాలో కురెంట్ అంటే తీగలో వచ్చేదీ అదే, ఎదురెదురు కిటికీల మధ్య దూరే గాలీ అదే. మొదటిది తగిలితే మనిషి పోతాడు. అయినా జనం భయపడేది రెండోదానికి. అది తగిలితే మెడ పట్టేస్తుంది, పన్ను సలుపుతుంది, పొంగే పిండి కూలబడుతుంది.

సవేత సిలువ గీసుకుంది. "పిండి గదిలో కురెంటా? నేను బతికుండగానా?"

"లేదా?"

"చీమ ఊదినంత కూడా లేదు."

"మరి పనెలా జరుగుతుందమ్మా? కురెంట్ ఇవ్వాలి కదా."

"ఇస్తే పిండి చస్తుంది!"

"పిండికేం కాదు. నేను ఎక్కడికెళ్లినా... మొదట కురెంటే ఇప్పిస్తాను."

సవేత అల్లుడికి ఫోన్ చేసింది. అతను ఊరి చివర పెట్రోలు బంకులో ఉన్నాడు.

"ఆ క్లుజ్ మనిషి కురెంట్ ఇవ్వమంటున్నాడు!"

"ఇవ్వండి మరి! ఇవ్వకపోతే ఎలా?"

"తర్వాత నన్ననకు."

"అత్తయ్యా, ఆయన చదువుకున్నవాడు. చెప్పింది చెయ్యండి."

ఆమె చేసింది.

"ఇప్పుడు వచ్చిందా?" అన్నాడు హోరియా.

"వచ్చింది. నా తలగుడ్డ ఎగిరి అచ్చుల మీద పడింది."

బుజావు వాళ్ల వేళాకోళం ఇలాగే ఉంటుందనుకుని హోరియా నవ్వాడు. "పచ్చ దీపం వెలిగిందా?"

"అది పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉంది."

"అయితే దాని పక్క బొత్తాం నొక్కండి."

పెట్టె క్లుజ్‌ను పిలిచింది. హోరియా లోపలికి వచ్చాడు. వస్తూనే గది వేడి పడిపోవడం చూశాడు. హీటరు బలహీనంగా ఉందనుకుని దాన్ని చివరిదాకా పెంచాడు.

అప్పుడే పిండి కలిపే తింకా అటు వచ్చింది. "మతిపోయిందా సవేతా! నీ చేత్తో నువ్వే చంపుతున్నావా?"

"నేను కాదే, క్లుజ్!"

తింకా కిటికీలు మూసి, తలుపు వేసింది. గది వేడెక్కింది. వేడి నలభై రెండుకు చేరాక హోరియా తగ్గించబోయాడు. అంతలో ఫైర్‌వాల్ కొత్త మనిషిని పసిగట్టి దారి మూసేసింది. అతని తెర మీద నలభై రెండు అలాగే నిలిచిపోయింది. హోరియా నిదానం వదిలేశాడు.

"అమ్మా, కురెంట్ ఆపండి! వెంటనే!"

"ఆపేశాం!"

"లేదు, నలభై రెండే చూపిస్తోంది!"

సవేత కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. తింకా తలుపు కింద తువ్వాళ్లు దోపింది.

"ఇప్పుడో?"

"నలభై రెండే! ఎక్కడినుంచో వస్తోంది!"

తింకా తన కోటు విప్పి గాలిగొట్టంలో దూర్చింది.

"ఈ గదిలోకి ఇప్పుడు దేవుడి ఊపిరి కూడా దూరదు!" అని సవేత ఫోనులో అరిచింది. "ఇంకేం ఆపమంటావురా?"

హోరియా ఒక్తావియన్‌కు ఫోన్ చేశాడు. ఒక్తావియన్ వ్యాను వెనక్కి తిప్పాడు. తువ్వాళ్లు లాగి తలుపు తెరిచేసరికి పిండి అచ్చులు దాటి పొర్లింది. ఒక్కో రేకు మీది అచ్చులన్నీ ఒకే ముద్దలో మునిగి ఉన్నాయి. అతను గోడ దగ్గరికి వెళ్లి హీటరు తీగ పీకి పట్టుకున్నాడు.

"కురెంట్ ఆపడమంటే ఇదీ!"

"దాన్ని ప్లగ్గు అంటారు, నాయనా," అంది సవేత. "ప్లగ్గు పీకమంటే పీకేదాన్ని."

తర్వాత సవేత మోచేత్తో ముద్దను నొక్కి చూసి, రేకుల్ని ఉన్నవి ఉన్నట్టే పొయ్యిలో పెట్టించింది. రొట్టెలు పలకలుగా వచ్చాయి. రంపపు కత్తితో కోసి అమ్మారు. శనివారం మధ్యాహ్నానికి ముక్క మిగల్లేదు.

ఈ ఏడు ఫిబ్రవరి నుంచే ఆర్డర్లు మొదలయ్యాయి. అందరూ పోయినేటి పలక కొజొనాకే కావాలన్నారు. అదెలా వచ్చిందని ఒక్తావియన్ హోరియాను అడిగాడు. తనకు తెలియదన్నాడు హోరియా. తింకాను అడిగితే, సవేతను అడగమంది. సవేత ముందు పిండి గది తాళంచెవి ఇమ్మంది.

తాళంచెవి ఇప్పుడు ఆమె మెడలో ఉంది, సిలువ పక్కన.