హోసూరులో వేలు, కెలమంగలంలో టీవీ

హోసూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికేసరికి చెన్నకేశవ పథకం పూర్తిగా తయారైంది. పొద్దున టీ విరామంలో ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చుని, కెలమంగలంలోని ఇంటి టీవీలో భార్య అంబికకు ఇష్టమైన పాట పెట్టాలి. టీవీ వెనక అతను అమర్చిన చిన్న కంప్యూటరు పెట్టె ఫోన్ ఎట్లా చెబితే అట్లా వింటుంది. ఆ ఇంట్లో అతని మాట వినేది అదొక్కటే.

అంబిక అతనితో మాట్లాడి వారమైంది. చుట్టాలు కూర్చుని ఉండగా, నవ్విద్దామని, "నువ్వు టీవీ ముందర కూచుంటే పురుగులకు ఆకెవరేస్తారు?" అన్నాడు. మల్బరీ ఆకు కోసేదీ, పట్టుపురుగులకు వేసేదీ ఆమే. అతను ఒక్కపూటైనా వేసి ఎరగడు. అన్న మరుక్షణమే తప్పని తెలిసింది. అయితే తప్పు తెలుసుకోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య, అతని మనసులో ఎప్పుడూ తల్లి పుట్టమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంటుంది.

రేపు వేప్పనపల్లిలో అంబిక వాళ్ళన్న కొత్తింట్లో పాలు పొంగిస్తున్నారు. పురుగులను తాను చూసుకుంటానని పుట్టమ్మ ఒప్పుకుంది. మొగుడూ పెళ్ళాం ఒకే బండి మీద దిగకపోతే మాత్రం, సంగతి అక్కడ అందరికీ తెలిసిపోతుంది.

టీ చల్లారుతుండగా పాట పెట్టాడు. ఫోనులో సౌండు గీత సగందాకా ఎక్కి, దానంతటదే సున్నాకు పడిపోయింది. నెట్టు సరిగ్గా లేదనుకుని మళ్ళీ పెంచాడు. మళ్ళీ పడింది. ఈసారి నిండా పెంచాడు. మాట వినని వస్తువును మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు. మనుషుల విషయంలోనూ అంతే చేస్తాడు.

ఫోన్ మోగింది. పుట్టమ్మ.

"రే కేశవా! పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. నీ పెండ్లాం చూడు, టీవీ అరిపిస్తా ఉంది!"

పొర విడిచే ముందు పురుగులు మేత మాని కదలకుండా పడుకోవడమే జ్వరం. ఆ రోజు పుట్టమ్మ ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా వీధిలోకి పోయి దగ్గాలి.

"అంబికేనా మా?"

"ఇంకెవురు? తగ్గించమ్మా అంటే, నేను పెట్టలేదత్తా అంటాది. అబద్ధాలు గూడా నేర్చినాది!"

'నేనే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫ్యాక్టరీలో కూర్చుని పెళ్ళానికి పాటలు పంపే కొడుకును తల్లి ఎట్లా చూస్తుందో ఊహించుకున్నాడు. మాట వెనక్కి పోయింది.

"కరెంటు ఎక్కువా తక్కువా అయ్యుంటాది మా."

"కరెంటుకు మళ్ళా మళ్ళా అదే పాట యాడ తెలిసింది రా?"

ఫోన్ పెట్టేశాడు. రాజీ కుదర్చాలని పంపిన పాట అత్తాకోడళ్ళ మధ్య తగాదా పెట్టింది. ఇక అంబికకు రాసి పంపడమే దారి. ఫోను తెరమీద తెల్లటి గడి, దాని కింద అక్షరాలు కనిపించాయి. ఆత్రంలో ఉన్నవాడికి తెల్ల గడులన్నీ ఒక్కటే. బడిలో నేర్చింది తమిళమే కాబట్టి, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టాడు. "పాట పెట్టింది నేనే. ఆ పొద్దు అన్నది తప్పే. అమ్మకు భయపడి ఒప్పుకోలేదు. రేపు నాతో రా."

నొక్కాడు. 'ఫలితాలు లేవు' అని వచ్చింది.

పక్కన కూర్చున్న తోటి పనివాడు మోహన్‌రాజ్ తొంగి చూశాడు. "ఇది మెసేజు కాదప్పా. మీ ఇంటి టీవీలో పాటలు వెతికే చోటు. అట్లాంటి పాట ఇంతవరకూ ఎవురూ పాడలేదంట."

"అంటే... ఇదంతా టీవీలో పడిందా?"

"పెద్ద పెద్ద అక్షరాల్లో."

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు, 'అమ్మకు భయపడి' అన్న రెండు మాటలే అతని ముందు నడిచాయి. గుమ్మంలో పుట్టమ్మ కనబడింది. నవ్వుతోంది. అది చూసి ఇంకా భయమేసింది.

"టీవీలో ఏందో రాత పడింది రా. నాకు చదవను రాకపోతే ఏమి, అంబిక చదివి చెప్పింది. 'అమ్మా, అంబికా, మీరిద్దరూ కొత్తింటికి పోయి రాండి, పురుగులకు ఆకు నేనేస్తాను' అని రాసినావంట. నేను వేప్పనపల్లి చూసి ఎన్నేండ్లాయ! ఇంత మనసు ఎప్పుడొచ్చింది రా నీకు?"

చెన్నకేశవ అంబిక వైపు చూశాడు. ఆమె కాఫీ లోటా అందించి, రెండో చేతిలోని ఫోను కొంచెం పైకెత్తింది. అందులోనూ టీవీ పెట్టెను నడిపే అదే యాప్. పెట్టె తెచ్చిన రోజు గొప్పగా పాఠం చెప్పి మరీ ఆమెకు వేసిచ్చింది అతనే. పొద్దున సౌండు తగ్గించిన వేలూ, తెల్ల గడి తెరిచి పెట్టిన వేలూ ఎవరివో అప్పుడర్థమైంది.

వారం రోజుల్లో మొదటిసారి ఆమె అతనితో మాట్లాడింది. అత్తకు వినపడకుండా అడిగింది. "రాసిందే చదవాల్నా? చదివిందే ఉండనీయాల్నా?"

"ఉండనీ" అన్నాడు.

మరునాడు అత్తాకోడళ్ళు కొత్త చీరలు కట్టుకుని, నవ్వుకుంటూ బస్సెక్కారు. జ్వరం విడిచి లేచిన పురుగులు నిన్నటి ఆకలినంతా ఒక్క పూటలో తీర్చుకునేటట్టున్నాయి. ఒక తట్ట నింపి వచ్చేలోగా ముందు తట్టలో ఈనెలే మిగిలాయి. వేసే కొద్దీ వాన పడుతున్నట్టు చప్పుడు.

మధ్యాహ్నం, అతను మోపెడు ఆకు ఎత్తుకుని లోపలికి వస్తుండగా, నడవలోని టీవీ దానంతటదే వెలిగి అదే పాట అందుకుంది. సౌండు నిండా ఉంది.

తగ్గించడానికి చెన్నకేశవ చేతులు ఖాళీగా లేవు.