రాములవ్వ పాతరలో పచ్చి గ్యాసు

యుద్ధకాలంలో ఎల్లారెడ్డి తాలూకాలో సర్కారు ఒక గొప్ప దండోరా వేయించింది. పలకరాయిలో మండే గ్యాసు నిలవ ఉన్నదట. కనుక ఇకమీదట పలకరాయిని రాయి అనరాదు, సర్కారీ గోదాము అనవలెను.

ఆ పని చూసే అధికారి, గ్యాసు మొహతమీం వామనరావు గారు కామారెడ్డిలో రైలు దిగి, గూడు కట్టిన కచ్చడం బండిలో రాములవ్వ ఊరికి వచ్చి, చావడి దగ్గర అందరికీ విషయం విప్పి చెప్పారు. వెనకటికెప్పుడో బురదలో ఆకూ అలమూ కుళ్ళి, మీద మన్ను పేరుకొని, ఆ బురదే రాయి అయిందట. అందులో పుట్టిన గ్యాసు కంటికి ఆనని సందుల్లో దాగి, కొంత రాయినే అంటిపెట్టుకొని ఉండిపోయిందట. ఒక సందు నుంచి ఇంకో సందుకు తోవ లేదు గనుక, రాయి పగిలితే తప్ప బయటికి రాదట. రాములవ్వకు ఇది వింతగా తోచలేదు. ఆమె అత్తగారు కోపాన్ని అట్లాగే దాచేది.

చిక్కు తెల్లవారి వచ్చింది. రాములవ్వ మొగుడు పోయిన మనిషి. వానలు పడేదాకా ఆమె తిండంతా పెరట్లోని పాతరలోనే ఉన్నది. భూమిలో తవ్విన గుంత, చుట్టూ పలకరాళ్ళు, పైన పలకరాతి మూత, లోపల జొన్నలు. మూత జరిపి, దిగేముందు అందరూ చేసినట్టే తాడుకు దీపం కట్టి దింపింది. దీపం ఆరిపోయింది. లోపలి గాలి మారేదాకా ఆగుదామని కూర్చున్నది. గోడ అవతలి నుంచి వామనరావు గారు చూశారు.

"గ్యాసు," అన్నారు.

"పాతర ఆవిరి సాబ్. మూసి పెడితే గట్లనే అయితది."

మండే గ్యాసు దీపాన్నెట్లా ఆర్పిందని పక్కింటి దేవన్న అడిగాడు.

"పచ్చి గ్యాసు. ఇంకా మండే ఈడు రాలేదు."

మూతకు లక్కసీలు పడింది. ఇద్దరు జవాన్లు కాపలా కూర్చున్నారు.

"మరి నా జొన్నలు సాబ్?"

"కదిలిస్తే గ్యాసు బెదురుతది అవ్వా."

రాములవ్వ దేవన్న ఇంట్లో అంబలి తాగుతూ, దినం పోయి సీలు చూసి వచ్చేది. సర్కారు పని సర్కారు పనే, సీలు ఏ రోజుకారోజు కొత్తగా మెరిసేది. జవాన్లు అక్కడే రొట్టెలు కాల్చుకునేవారు. సర్కారు వాళ్ళకు ఎంత తెల్లటి జొన్నలిస్తున్నదని ఆమె ముచ్చటపడేది.

అంతలో యుద్ధం పేరిట ఇంటింటా లెవీ గింజలు వసూలు చేసే సర్కారు వాళ్ళు దిగారు. మొదట రాములవ్వ ఇంటికి వచ్చి, సీలు చూసి, దండం పెట్టి, గింజ అడగకుండా, మిగతా ఇండ్లకు రేపు వస్తామని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే పాతరలున్నవాళ్ళంతా మొహతమీం డేరా ముందు బారులు తీరారు.

"నాది గూడ గ్యాసే సాబ్," అన్నాడు దేవన్న. "మస్తు పచ్చిగున్నది."

వామనరావు గారు ఎవరి మనసూ నొప్పించలేదు. ఇంటింటికీ సీలు, పాతరకిద్దరు జవాన్లు.

నెల తిరిగేసరికి నగరం నుంచి పెద్ద సాహెబు వచ్చారు. రాములవ్వ పెరట్లో పందిరి లేచింది, సన్నాయి మోగింది. సీలు పగలగొట్టి, మూత ఎత్తి, దీపం దింపారు. దీపం ఆరలేదు. అడుగుదాకా నిమ్మళంగా వెలుగుతూనే పోయింది.

"గ్యాసుకు ఈడొచ్చింది," అని వామనరావు గారు ప్రకటించారు. ఊరు చప్పట్లు కొట్టింది. రాములవ్వ మెడలో దండ పడింది. ఆమె ఆ దండతోనే వంగి చూసింది. దీపం వెలుగులో పాతర అడుగు అలికినట్టు శుభ్రంగా ఉన్నది.

"సాబ్, నా జొన్నలేవి?"

"మరి మండుతున్నదేందనుకున్నవ్ అవ్వా?"

దేవన్న చప్పట్లు ఆగిపోయాయి. ఎవరికీ చెప్పకుండా లేచి తన పాతర దిక్కు ఉరికాడు. అతని వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఊరంతా.

"చూశారా," అన్నారు వామనరావు గారు పెద్ద సాహెబుతో, "గ్యాసు అంటే జనానికి ఎంత ఆత్రమో."