కోటిరత్నం గారి మెయిలు పరువు

ఆ సోమవారం పొద్దున కోటిరత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పండుమిరపకాయ పచ్చడి సిద్ధమైందని నలుగురికీ మెయిలు పెట్టాలి, ఆ తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద హోటలుకి కొటేషన్ పంపాలి. వినుకొండలో ఆమె పెట్టిన పచ్చళ్ళ యూనిట్‌లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. ఎండాకాలం దాటితే వాళ్ళకి పని ఉండదు. ఆ హోటలు ఆర్డరు గనక వస్తే ఏడాది పొడుగునా ఉంటుంది. కొటేషన్ నెలాఖరులోగా మెయిల్లోనే అందాలి. ఫోను చేస్తే "మెయిలు పంపండి" అనే రికార్డు గొంతే తప్ప మనిషి పలకడు.

కంప్యూటరు పని చూసే మేనకోడలు అఖిల మూడు రోజులు సెలవులో ఉంది. అయినా కోటిరత్నం వెనకాడే మనిషి కాదు. ఒకప్పుడు విత్తనాల డీలరుగా చేసిన భర్త వీరాంజనేయులు దగ్గర నాలుగువేల మూడువందల మెయిలు అడ్రసులున్నాయి. అన్నీ ఎక్కించింది.

"వీళ్ళలో సగం మంది ఎవరో నాకే తెలీదే," అన్నాడాయన.

"తెలీకపోతే ఏమండీ? పిలుపుల్లో ఒక్క ఇల్లు వదిలినా మాటొస్తుంది."

పెళ్ళి పిలుపుల్లో వదినగార్ల చేత మాట పడిన మనిషి, ఆ జాగ్రత్త ఆమెకు ఒంటబట్టింది. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే పిలుపెలా అవుతుందని మంగళవారం మళ్ళీ పంపింది. బుధవారం మూడోసారి పంపి, ఆ చేత్తోనే హోటలుకి కొటేషన్ కూడా పంపి, హాయిగా మజ్జిగ తాగింది.

గురువారం అఖిల వచ్చేసరికి పంతొమ్మిదివందల మెయిళ్ళు 'ఈ అడ్రసు లేదు' అంటూ వెనక్కొచ్చి ఉన్నాయి. మధ్యాహ్నం మార్టూరు నుంచి జయకుమారి టీచరు ఫోను చేసింది. రిటైరైన టీచరు, ఆరేళ్ళుగా వాడుకగా పచ్చళ్ళు కొంటోంది.

"కోటిరత్నమ్మా, నీ బిల్లు మెయిలు స్పామ్‌లో కనపడింది. లాటరీ తగిలిందని చెప్పే దొంగల పక్కన కూర్చుని ఉంది. ఏం చేశావు?"

కోటిరత్నం ఫోను పెట్టేసి అఖిలను పిలిచింది. అఖిల కంప్యూటరులో ఏదో పేజీ తెరిచి తల పట్టుకుంది.

"అత్తా, మెయిలు కంపెనీలు మన డొమైను మీద, అంటే మెయిల్లో మన యూనిట్ పేరు మీద, మార్కులు వేస్తాయి. లేని అడ్రసులకి పంపితే మార్కులు పోతాయి. ముక్కూమొహం తెలీని వాళ్ళు చిరాకుపడి స్పామ్ అని నొక్కితే ఇంకా పోతాయి. ఇప్పుడు మనం ఏది పంపినా చెత్తలోకే. హోటలు కొటేషన్ కూడా అక్కడే పడుంటుంది."

"మళ్ళీ పంపుదామా?"

"వద్దు! నీకు దణ్ణం పెడతాను."

మందు కూడా అఖిలే చెప్పింది. ఆ జాబితా తీసేయాలి. మనల్ని ఎరిగినవాళ్ళకే కొద్దికొద్దిగా పంపాలి. వాళ్ళు తెరిచి చదవాలి, స్పామ్‌లో పడితే బయటికి తీయాలి, జవాబు రాయాలి. అప్పుడు పోయిన పేరు మెల్లగా వస్తుంది. నెలాఖరుకి ఇంకా ఇరవై రోజులుంది.

ఇదంతా విన్న వీరాంజనేయులుకి పౌరుషం వచ్చింది. మర్నాడు యాభైమంది స్నేహితులను గఫూర్ నెట్ సెంటరుకి తోలుకుపోయి, ఒక్కొక్కరి చేతా భార్య పంపిన మెయిలు తెరిపించాడు. పైన ఆశ్చర్యార్థకం గుర్తున్న బటన్ కనపడింది.

"ఒరేయ్ బుల్లయ్యా, అది నొక్కరా! ముఖ్యమైన మెయిలని అర్థం!"

బుల్లయ్య నొక్కాడు. మిగతావాళ్ళూ నొక్కారు. అందరికీ టీ పోయించి ఆయన ఇంటికొచ్చేసరికి అఖిల గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మావయ్యా, ఒక్క గంటలో యాభైమంది మనల్ని స్పామ్ అన్నారు! ఎవరై ఉంటారు?"

తాను నొక్కించింది స్పామ్ బటనేనని తెలిసి, జరిగింది చెప్పేసి, ఆయన నాలుగు రోజులు కంప్యూటరు గది వైపు రాలేదు. మార్కులు అడుగంటాయి.

ఇక కోటిరత్నం పంతం పట్టింది. నిజంగా పచ్చడి కొని తిన్న ముప్ఫై ఎనిమిదిమందిని ఏరించుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా మెయిలు రాసింది. 'తెలీక అందరినీ విసిగించాను, క్షమించండి. మీకు మెయిలు వద్దంటే చెప్పండి, పచ్చడి మాత్రం మానకండి' అని.

రెండో రోజుకల్లా జవాబులు మొదలయ్యాయి. జయకుమారి టీచరు ఎలాగో చూపించి మరీ, ఆ జాబితాలోనే ఉన్న, చర్చిలో తనతోపాటు పాడే పద్నాలుగుమంది చేతా మెయిలును స్పామ్‌లోంచి తీయించి జవాబు రాయించింది. గోంగూరలో వెల్లుల్లి పెంచమని టీచరు, పోయినేడు సీసా మూత ఊడిపోయినా మొహమాటపడి చెప్పలేదని ఇంకొకరు రాశారు. కోటిరత్నం ఒక్కోటీ రెండుసార్లు చదువుకుని కళ్ళు తుడుచుకుంది. తప్పు తనది, కష్టం వాళ్ళది. ఈ రుణం ఎలా తీరుతుందో ఆమెకు తెలియలేదు. మార్కులు మాత్రం రోజురోజుకీ లేచాయి.

ఆఖరి రోజు పొద్దున అఖిల కొటేషన్ మళ్ళీ పంపింది. మూడింటికి ఫోను మోగింది.

"హోటలు నుంచి మేనేజరు ఇమ్మానియేలునండి. మీ కొటేషన్ ఇప్పుడే ఇన్‌బాక్స్‌లో చూశాను. మళ్ళీ ఎందుకు పంపారు? మొదటిదాన్ని స్పామ్‌లోంచి తీసి, ఆ రోజే ఆర్డరు పంపించాం కదా! జవాబు లేకపోతే మీకు ఇష్టం లేదనుకుని, సాయంత్రం వేరేవాళ్ళకి ఇచ్చేద్దామనుకున్నాం. ఇది రాబట్టి సరిపోయింది."

అఖిల గబగబా వెతికింది. ఆర్డరు తమ స్పామ్‌లోనే దొరికింది. హోటలు కూడా కనపడిన ప్రతి అడ్రసుకీ పుట్టినరోజు ఆఫర్లు పంపుతుందట, దాని మార్కులూ అలాగే పోయాయి.

"ఇరవై రోజులు ఊరందరి చేతా స్పామ్ వెతికించాం. మనది మనం చూసుకోలేదు అత్తా."

కోటిరత్నం ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే మార్టూరుకి ఫోను కలిపింది. "టీచరుగారూ, మీరు చేయబట్టి తొమ్మిదిమందికి ఏడాదంతా పని దొరికిందండి," అంటూ ఏడ్చేసింది. అవతల టీచరు కూడా ఏడ్చి, ఆనక వెల్లుల్లి సంగతి గుర్తుచేసింది.

వారం తిరక్కుండా హోటలుకి మొదటి పార్సిలు వెళ్ళింది. మెయిలు పరువు నిలబెట్టుకోవడం ఎలాగో అఖిల హోటలువాళ్ళకోసం ఒకటిన్నర పేజీ రాసింది. దాన్ని మాత్రం మెయిలు చేయకుండా పచ్చడి సీసాల మధ్య పెట్టి పంపారు.