మంత్రిగారు ఏమీ మింగలేదు

ఆమెకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. రెండేళ్ళ కూతురు ఏదో ఒకరోజు మెడబంతి మింగేస్తుందేమోనని.

మెడబంతి అంటే మరేం కాదు, బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండు. బొమ్మ మొండేనికీ తలకీ మధ్య బిగిస్తే తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఏం చెప్పినా ఊగుతుంది. ఆమె ఆన్‌లైన్లో అమ్మేది బొమ్మల్ని కాదు, బొమ్మల విడిభాగాల్ని. బొమ్మలు కట్టుకోవడం సరదా అయిన పెద్దమనుషులు, అంటే బ్యాంకు మేనేజర్లు, పళ్ళ డాక్టర్లు, రిటైరైన లెక్కల మాస్టార్లు, ఫోన్లో ఆర్డర్లు పెడతారు. "కోపంగా ఉన్న తల ఒకటి, కత్తి పట్టే కుడిచెయ్యి ఒకటి, తొందరగా పంపండి మేడమ్, మావాడు వారం నుంచి తల లేకుండా నిలబడి ఉన్నాడు" అని రాస్తారు. పడకగదిలో మంచం పక్కన గోడంతా సొరుగులే. తలల సొరుగు, మోచేతుల సొరుగు, మోకాళ్ళ సొరుగు. పదో తరగతి సగంలో ఆగిపోయిన చదువుకి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి తనకి తానే ఇచ్చుకుంది.

ప్యాకింగ్ శాఖ అత్తగారిది.

"ఏమ్మా, ఈయనకి రెండూ ఎడమకాళ్ళే పంపుతున్నావేంటి?"

"ఆయన అడిగింది అవే అత్తయ్యా."

"పాపం, ఏం కష్టమొచ్చిందో!" అని అత్తగారు ఆ రెండు కాళ్ళనీ పసిబిడ్డలా కవర్లో చుట్టేది.

రోజూ సాయంత్రం కోడలు మెడబంతుల్ని కంచంలో పోసి లెక్కపెట్టేది. లెక్క తేలేదాకా పాపని వదిలేది కాదు. "నోరు తెరువు. ఆ అను." పాప 'అమ్మ' కన్నా ముందు 'ఆ' నేర్చుకుంది.

ఇలాంటి రోజుల్లో బాలల గొంతు రక్షణ శాఖ మంత్రిగారు ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. "నేను పదవిలో ఉండగా ఎవరూ ఏదీ మింగలేరు!" హాలు చప్పట్లతో మారుమోగింది. ఆయన పార్టీవాళ్ళే కొందరు మాత్రం కంగారుగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ప్రకటన అయిన వారానికల్లా శాఖవారు ఒక గొట్టం తయారు చేయించారు. పసిపిల్లల గొంతంత వెడల్పు. అందులోంచి జారిపోయే సరుకు, మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో అమ్మితే షాపు మూతే. మహత్తరమైన గొట్టం. దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టరుగారు ఆమె ఇంటికి దయచేశారు.

గొట్టంలో బొమ్మ చెయ్యి వేశారు. "జారింది," అని రాసుకున్నారు. తల వేశారు. "జారింది." మెడబంతి వేశారు. అది గొట్టాన్ని తాకకుండానే కిందపడింది. అక్కడితో ఆగితే ఆయన మామూలు ఉద్యోగి. ఆయన కర్తవ్యదీక్ష అలాంటిది కాదు. చొక్కా గుండీలు, పెన్ను మూత, అలమరా తాళంచెవి, చివరికి బల్లమీద మాత్రలు కూడా వేసి చూశారు.

"ఇది కూడా జారింది!"

"అది నా బీపీ బిళ్ళ నాయనా," అంది అత్తగారు. "జారడానికే చేశారు."

"రూలు బిళ్ళని వేరుగా చూడదమ్మా," అని అదీ రాసుకున్నారు.

కోడలు గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, పాప పాలూ, అత్తయ్య మందులూ అన్నీ దీంతోనే. సొరుగులన్నిటికీ తాళాలున్నాయి. రోజూ లెక్క చూస్తాను సార్."

"రూలుకి లెక్కలు రావమ్మా. గొట్టం ఒక్కటే వచ్చు." ఆయన కాస్త మెత్తబడ్డారు. "అయితే మంత్రిగారు స్వయంగా చూసి సరేనంటే మినహాయింపు ఇవ్వచ్చు. ఆయన చాలా బిజీ. కానీ కెమెరా ఉంటే ఎంత బిజీలోనైనా వస్తారు."

వచ్చారు. ఆ చిన్న పడకగదిలోకి మంత్రిగారు, పి.ఎ., ఇన్‌స్పెక్టరు, నాలుగు చానెళ్ళు, జై కొట్టడానికి ఒక కార్యకర్త పట్టారు. పట్టనివాళ్ళు మంచమెక్కి నిలబడ్డారు. అత్తగారు పాపని ఎత్తుకుని తలల సొరుగుకి ఆనుకుంది.

మంత్రిగారు ఒక మెడబంతిని రెండువేళ్ళ మధ్య పట్టుకుని దయగా నవ్వారు. "ఈ గింజకా మన తల్లులు భయపడేది? ప్రజలారా, మీ భయాన్ని నేను నా నోట్లో పెట్టుకుంటున్నాను!" అని నాలుక మీద పెట్టుకుని చూపించారు.

"సార్, వెలుగు చాల్లేదు, ఇంకోసారి," అన్నాడు ఒక కెమెరామన్.

ఇంకోసారి పెట్టుకున్నారు.

"సార్, మా చానెల్‌కి ఈ పక్క నుంచి."

మూడోసారి పెట్టుకున్నారు. ఆమె చేతులు నలుపుకుంటూ, "అయ్యా, వద్దండీ, జారుద్ది," అంటూనే ఉంది. సరిగ్గా అప్పుడే కార్యకర్త తన ధర్మం తాను నెరవేర్చాడు. "మంత్రిగారికీ జై!" జై వినపడితే తలెత్తి నవ్వడం మంత్రిగారికి ఇరవై ఏళ్ళ అలవాటు. తలెత్తారు. నవ్వారు. గుటక పడింది.

"అయ్యో! మంత్రిగారు మింగేశారు!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది.

నాలుగు చానెళ్ళలోనూ లైవ్.

ఆ మాటకున్న రెండో అర్థం అందరికీ తట్టింది. మొదటి అర్థం ఆమెకొక్కదానికే తట్టింది.

పది నిమిషాల్లో ప్రతిపక్ష నాయకుడు తెరమీదికి వచ్చి కళ్ళు ఒత్తుకున్నాడు. "మేము ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నది ఈ తల్లి ఒక్క ముక్కలో చెప్పింది!" గంటలో రెండు ఊరేగింపులు బయల్దేరాయి. ఒకటి 'మింగాడు' అంటూ, రెండోది 'మింగలేదు' అంటూ. సందు మలుపులో రెండూ ఎదురుపడి, ట్రాఫిక్ ఆగిపోయి, ఆమె కొరియర్ బండి కూడా అందులో ఇరుక్కుంది. లెక్కల మాస్టారికి ఆరోజు అందాల్సిన తల అందలేదు.

ఒక విలేకరి మైకు పెట్టాడు. "చెప్పండమ్మా, ఎంత మింగారు?"

"బఠాణీ గింజంత సార్."

"అంతేనా? ఎవరైనా బెదిరిస్తున్నారా మిమ్మల్ని?"

ఆమె పి.ఎ.కి ఫోన్ చేసింది. "అయ్యా, ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎక్స్‌రే తీస్తే ఎక్కడుందో కనపడుద్ది."

"కనపడుద్ది కదమ్మా!"

"కనపడాలనే కదండీ."

"కనపడితే మింగినట్టే కదమ్మా!" పి.ఎ. గొంతు తగ్గించాడు. "మా శాఖలో ఆ మాటే వాడకూడదని పొద్దున్న సర్క్యులర్ ఇచ్చాం. టిఫిన్ కూడా నమలడం వరకే రాస్తున్నాం."

"ఆయనకి దగ్గు వస్తోందా?"

"ఆ దగ్గు ప్రతిపక్షాల కుట్ర," అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో గొట్టం పట్టుకుని వచ్చారు. కాగితంలో ఒకే వాక్యం: 'మంత్రిగారు ఏమీ మింగలేదు.' "సంతకం పెడితే లైసెన్స్. పెట్టకపోతే గొట్టం," అన్నారు మర్యాదగా.

ఆమె కంచం వైపు చూసింది. ఇరవై ఉండాల్సిన మెడబంతులు పంతొమ్మిదే ఉన్నాయి. పాప వైపు చూసింది. పాప అడక్కుండానే నోరు తెరిచి "ఆ" అంది. ఆమె సంతకం పెట్టింది. చూపు పాప నోటిమీదే ఉండి, పేరులో చివరక్షరం కాగితం దాటి బల్లమీదికి పోయింది.

ఆ దెబ్బతో షాపు దశ తిరిగింది. ఊరూరి నుంచీ ఆర్డర్లు. "మేడమ్, మంత్రిగారు మింగని సైజు మెడబంతి పది కావాలి." "మంత్రిగారు మింగనిది ఏ రంగుదో అదే పంపండి." అత్తగారు చుట్టలేక చేతులు పడిపోతున్నాయని మురిసిపోయింది. కోడలికి మాత్రం ముద్ద దిగలేదు. పని మధ్యలో ఫోన్లో మంత్రిగారి లైవ్ పెట్టుకుని దగ్గులు లెక్కపెట్టేది.

తొమ్మిదోరోజు మంత్రిగారి అంతరాత్మ మేలుకుంది. రాజీనామా చేసి ప్రతిపక్షంలో చేరారు.

పదోరోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరుగారు. అదే గొట్టం, కొత్త కాగితం.

"పాతది మర్చిపోండమ్మా. ఇప్పుడు మింగారు అని పెట్టాలి."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య! ఒప్పుకున్నారా సార్? అయితే ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్తారన్నమాట!"

"ఆసుపత్రికా? మింగినవాళ్ళని ఆసుపత్రికి ఎవరు పంపుతారమ్మా? అరెస్టు చేస్తే వాళ్ళే వెళ్ళి చేరతారు."

"మరి అరెస్టు చెయ్యండి సార్, పుణ్యముంటుంది!"

"ఎట్లా కుదురుద్ది? ఆయన కొత్త పార్టీవాళ్ళు పొద్దున్నుంచీ మింగలేదంటున్నారు."

"అదేంటి సార్, ఏళ్ళ తరబడి మింగాడన్నది వాళ్ళే కదా?"

"అది నిన్నటిదాకా."

వంటగదిలోంచి అత్తగారు కేకేసింది. "పెట్టవే తల్లీ, ఈసారి నిజమే కదా! బయట కొరియరతను నిలబడ్డాడు." ఆమె పెట్టింది. ఇన్‌స్పెక్టరుగారు రెండు కాగితాలూ ఒకే ఫైల్లో దాచారు. ఎప్పుడు ఏది కావాలో చెప్పలేం కదా అన్నారు. అంతటి ముందుచూపు.

ఇప్పుడు మాజీ మంత్రిగారు కొత్త పార్టీ తరఫున ఊరూరా సభల్లో తిరుగుతున్నారు. వేదిక మీద కొత్త నాయకుడు ఎటు చూస్తే ఈయన తల అటు తిరుగుతోంది. ఏం చెప్పినా ఊగుతోంది. ఒక్కసారి కూడా ఎక్కడా పట్టేయడం లేదు. పార్టీవాళ్ళు దాన్ని విధేయత అంటున్నారు. సొరుగు ముందు కూర్చుని ఫోన్లో చూస్తున్న ఆమె మాత్రం అత్తగారి చెయ్యి పట్టుకుని, "అత్తయ్యా, ఆ మెడబంతి సరిగ్గా మెడలోనే బిగిసింది," అంది.

ఆమె ఇప్పటికే రెండు సంతకాలు పెట్టింది కాబట్టి, ఇక ఏ మాటా పైకి అనే వీల్లేదు. అందుకని ఇది చదివేవాళ్ళకే ఒక మనవి. ఆయన మీ ఊరు వస్తే, దండ వేసే వంకతో కాస్త దగ్గరికి వెళ్ళండి. ఎందుకని అడిగితే మింగడం మాట ఎత్తకండి. నెమ్మదిగా గడ్డం పట్టుకుని, నోరు తెరిచి ఒక్కసారి "ఆ" అనమనండి.