ఆవుల గంతులకు అదనపు బండిల్

ఆవులు లేనంత మాత్రాన ఆవుల గంతులు ఆగవని వ్యవసాయ మంత్రి లూడో ఫెర్‌హాగె గారు ప్రకటించగానే ఫ్రీస్‌లాండ్‌లోని మా ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవుల్ని వసంతంలో పచ్చిక మీదికి వదిలితే, సంతోషం పట్టలేక గంతులేస్తాయి. ఏటా మా పక్కింటి హిల్కె పొలంలో కాఫీ తాగుతూ, గులాబీరంగు కేకు తింటూ ఆ సంబరం చూస్తాం. ఈసారి పశువుల పేడతో వచ్చే కాలుష్యం తగ్గించాలని ప్రభుత్వం హిల్కె మందను తోలుకుపోయింది. లారీలో చోటు చాలక ముసలి ఆవు బౌక్యె ఒక్కటే మిగిలింది. దాని కోసం సోమవారం మళ్లీ లారీ వస్తుంది.

"అయ్యా, దీన్నొక్కదాన్నీ నాకు వదిలేయండి. నా చేతుల్లో పుట్టింది" అన్నాడు హిల్కె, సంబరానికొచ్చిన మంత్రిగారితో.

మంత్రిగారిది పెద్ద మనసు. "ఒక్కటేమిటయ్యా, మందకు మందే ఇస్తా" అని పొలంలో ఇంత పెద్ద తెర కట్టించారు.

పశుపోషణ ఆన్‌లైన్ గేమ్‌ను శాఖవారు నిరుడే కొన్నారు. తీరా తెరిచి చూస్తే అందులో గడ్డి మాత్రమే ఉంది. ఆవులు కావాలంటే వేరే బండిల్ కొనాలి. మంత్రిగారు వెనకాడే మనిషా? అక్కడికక్కడే కొనిపించారు. ఆవులొచ్చాయి గానీ కదలవు. నడక ఇంకో బండిల్. అదీ కొన్నారు. ఆవులు చక్కగా నడిచొచ్చి కొట్టం తలుపు దగ్గర ఆగిపోయాయి. తలుపు తెరుచుకోవడం వసంత బండిల్‌లో ఉందని కార్యదర్శి ఫెమ్కె మెల్లగా మనవి చేసింది.

"కొనేయండి. రైతు సంక్షేమం దగ్గర బేరాలేమిటి?" అన్నారు మంత్రిగారు. ఆ మాటకు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే.

బండిల్ డౌన్‌లోడ్ అవుతూనే ఉంది. కాఫీ చల్లారిపోయింది. జనం సందడి విని ఏమనిపించిందో ఏమో, బౌక్యె నిజం కొట్టం తలుపును తలతో నెట్టుకుని బయటికొచ్చింది. గడ్డి వాసన చూసింది. అంతే, ఆ వయసులో, వెనక కాళ్లు గాల్లోకి ఎగరేస్తూ ఒకటే గంతులు. జనమంతా తెరను వదిలేసి కంచె దగ్గరికి పరిగెత్తారు. హిల్కె నవ్వుతూనే ఏడ్చేశాడు.

మంత్రిగారి కళ్లూ చెమర్చాయి. "అబ్బ, ఎంత సహజంగా ఉంది. ఇది ఏ బండిల్ ఫెమ్కె? ఎంతైనా సరే, కొనెయ్."

"కొనక్కర్లేదు సార్. ఇది ముందునుంచీ మన దగ్గర ఉన్నదే. సోమవారం తీసేస్తున్నాం."

ఖర్చు తప్పిందని మంత్రిగారు సంతోషించారు. మమ్మల్నందర్నీ మళ్లీ తెర ముందు కూర్చోబెట్టారు. అక్కడ తలుపు ఇంకా తెరుచుకోలేదు.