నెయ్యి అడిగిన గోలీ

ఆ శ్రావణ మంగళవారం పొద్దున సాంబయ్య వేసుకున్న లెక్క చిన్నదే. మొదటి ప్యాసింజరు వచ్చేలోపు దవాఖానకు పోయి రావాలి, వచ్చి మిర్చీల కడాయి పొయ్యి మీద పెట్టాలి. మంచిర్యాల స్టేషన్ ఎదుట అతనికి చిన్న హోటలుంది. అతని మిర్చి బజ్జీల కోసం రైలు వదులుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అయితే కుడి ముంజేతి మీద పావలా బిళ్ళంత లేచిన తామర ఇప్పుడు జొన్నరొట్టెంత అయింది. పిండిలో ముంచే చెయ్యి కూడా అదే. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు అది చూసి, "దసరా లోపల మానకుంటే నీ హోటల్ బంద్" అని చెప్పి పోయాడు.

దవాఖానలో డాక్టర్ మార్తమ్మ చెయ్యి తిప్పి చూసి గోలీలు ఇచ్చింది. "ఇది కొత్త మందు సాంబయ్యా. నీళ్ళల్ల కరగదు, కొవ్వుల కరుగుతది. ఖాళీ కడుపున మింగితే ఒంటికి పట్టకుండ అట్లనే బయటికి పోతది. నెయ్యితోని కడుపు నిండ తిని ఏసుకో."

లోకంలో ఇంత మంచి వైద్యం ఉంటుందని సాంబయ్య కలలో కూడా అనుకోలేదు. ఉరుకులాంటి నడకతో ఇంటికొచ్చి తల్లి బుచ్చవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాడు.

పథ్యం విషయంలో ఆ వాడకట్టుకంతా బుచ్చవ్వ మాటే చెల్లుతుంది. ఆమె కొడుకును ఎగాదిగా చూసింది. "తామరకు నెయ్యా? ముట్టొద్దు అని ఉంటది. ఆమె వద్దన్నప్పుడు నువ్వు యాడ జూస్తున్నవ్?"

"తినుమనే చెప్పిందే అవ్వా!"

"చిన్నప్పటిసంది గంతే నువ్వు. తినుమన్నది ఇనవడ్తది, వద్దన్నది ఇనవడది."

సాంబయ్య దిక్కులేక పెండ్లాం ఐలవ్వ వైపు చూశాడు. ఆమె చేట పక్కన పెట్టి నిమ్మళంగా అంది: "పోయినేడు కామెర్లయినప్పుడు డాక్టరు కోడికూర తినుమన్నదని గిట్లనే చెప్పినవ్ గద."

 డాక్టరు అనకున్నా అప్పుడతను నిజంగానే అట్లా చెప్పాడు, నిజంగానే తిన్నాడు.

ఆ పూట నుంచి నెయ్యి చుక్క పడని జొన్న గటక, పోపు లేని చారు. పొద్దంతా సలసల కాగే నూనె ముందు నిలబడి ఊరందరికీ మిర్చీలు వేసి, మధ్యాహ్నం వెనక అర్రలో కూర్చుని ఆ గటక తిని గోలీ మింగేవాడు. మూడు వారాలు తిరిగేసరికి తామర మానలేదు సరికదా, మోచేతి దాకా పాకింది. పొడుగు చేతుల అంగీ తొడిగితే అది పిండిలో మునుగుతోంది. తొడగకపోతే గిరాకీ లేచిపోతోంది.

"మందులనే ఏదో మతలబు ఉన్నది" అని తేల్చింది బుచ్చవ్వ. ఒక గోలీని రోట్లో నూరి గిలాసెడు నీళ్ళలో వేసి కలిపింది. కలిపినంతసేపు తిరిగింది, ఆపగానే తెల్లగా అడుగున కూర్చుంది. మళ్ళీ కలిపింది, మళ్ళీ కూర్చుంది. "అయ్యో కొడకా! నీకు మందు ఇయ్యలే రా, సుద్ద ఇచ్చిండ్రు!" అని గిలాస పట్టుకుని వాడకట్టులోకి నడిచింది. సాంబయ్య పిండి చేతులతోనే వెంట ఉరికాడు గానీ, అప్పటికే గిలాస నాలుగిండ్లు దాటింది.

తెల్లారేసరికి దవాఖాన ముందు జాతర. దగ్గువాళ్ళు, జ్వరంవాళ్ళు, అందరి చేతుల్లో నీళ్ళ చెంబులు, వాటిలో గోలీలు. గోలీ కరగనివాళ్ళు సుద్ద అని అరుస్తున్నారు. స్టేషన్ హమాలీ మల్లన్నది ఇంకో గోస. "నాది మొత్తం కరిగి మాయమైంది డాక్టరమ్మా, చెంబుల ఏం మిగలలే! గిదేం మోసం?"

"ఎవరు మొదలువెట్టిండ్రు గిది?" అంది మార్తమ్మ. జనమంతా ఒకేసారి తిరిగి చూసేసరికి సాంబయ్యకు నేల చీలితే బాగుండనిపించింది. బుచ్చవ్వ మాత్రం బెదరకుండా గిలాస ముందుకు చాపింది.

డాక్టరమ్మ కోపం దిగమింగుకుంది. "అవ్వా, నువ్వు వంట జేసేదానివి, నువ్వే చెప్పు. ఎర్ర కారం చల్లటి నీళ్ళల్ల కలిపితే ఏమైతది?"

"జరసేపటికి అడుగుకు పోతది."

"కాగిన నూనెల ఏస్తే?"

"నూనె ఎర్రగైతది. కారమంత నూనెలకు దిగు..." బుచ్చవ్వ చేతిలోని గిలాస వంక చూసుకుంది.

"ఈ మందు గూడ గంతే. కొవ్వుల కరిగితేనే పేగుల నుంచి రక్తంలకు ఎక్కుతది. మల్లన్న గోలీ నీళ్ళల్లనే కరిగే రకం, దానికి నెయ్యితోని పని లేదు. నీ కొడుకుకు నువ్వు ఏం తినవెట్టినవ్?"

బుచ్చవ్వ కొడుకు వైపు తిరిగి, "అంటే... నిజంగనే తినుమన్నదారా?" అంది. తిండి విషయంలో సాంబయ్య పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి నిజం అదే.

బుచ్చవ్వ ఏ పనీ సగం చెయ్యదు. ఆ రోజు నుంచి అన్నంలో నెయ్యి, పప్పులో నెయ్యి, రొట్టె మీద వెన్న. మొదటి వారం సాంబయ్యకు స్వర్గంలో ఉన్నట్టుంది. రెండో వారం నేతి గిన్నె చప్పుడు వింటే లేచి వాకిట్లోకి ఉరికేవాడు. "అవ్వా, నీ కాళ్ళు మొక్కుత, ఒక్కపూట గటక వెట్టవే!" "మందు కరగాలె కొడకా, మింగు." మొత్తానికి బతుకమ్మలు మొదలయ్యేనాటికి తామర అంచులు వెనక్కి తగ్గాయి, దసరా ముందర చర్మం నున్నగా తేలింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒక ప్లేటు మిర్చీలు తిని, ఇంకో ప్లేటు కట్టించుకుని వెళ్ళిపోయాడు.

సాంబయ్య హోటలు నిలబడింది గానీ, డాక్టరమ్మ చెప్పిన దాంట్లో ఊరికి నెయ్యి ఒక్కటే గుర్తుంది. ఏ గోలీ అయినా సరే, నూనె పడితేనే పనిచేస్తుందని ఖాయం చేసుకున్నారు. తలనొప్పివాళ్ళు, దగ్గువాళ్ళు చేతిలో గోలీ పట్టుకుని "రెండు మిర్చీలియ్యి సాంబన్నా, మందేసుకోవాలె" అని వరస కట్టారు. మల్లన్నకు విరేచనాలు పట్టుకుంటే, డాక్టరమ్మ ఇచ్చిన గోలీని రెండు ప్లేట్ల బజ్జీలతో వేసుకుని, బరువులు మోసేవాడే ఇంకొకరు మోస్తే తప్ప దవాఖానకు చేరలేకపోయాడు.

ఆ సాయంత్రం మార్తమ్మే హోటలుకు వచ్చింది. సాంబయ్య గబగబా బల్ల తుడిచాడు.

"నేను నీ ఒక్కనికి చెప్తే ఊరంత తింటున్నది సాంబయ్యా! వద్దని చెప్పరాదు?"

"చెప్పిన డాక్టరమ్మా. తినుమన్నవంటే ఇంట్ల నమ్మలే, వద్దన్నవంటే బజార్ల నమ్ముతలేరు. నేనేం జెయ్యాలె?"

ఆ మర్నాటి నుంచి ఏ గోలీ ఇచ్చినా "నూనె చుక్క ముట్టొద్దు" అనడమే; మంచిర్యాల మొత్తంలో బుచ్చవ్వ కన్నా కఠినమైన పథ్యం పెట్టేది డాక్టర్ మార్తమ్మే అయింది.