బావగారి కంపైలర్

"పది నిమిషాల పని" అని పొద్దున్నే భార్యతో చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ బయల్దేరాడు ఇంజనీరు. పదకొండింటికి కొత్త వెబ్ అప్లికేషన్‌ను మేనేజరు క్లయింటుకు చూపిస్తాడు. అది సజావుగా సాగితే ఇంజనీరు టీమ్ లీడ్ అవుతాడు. ఇక మిగిలింది, రాసిన స్క్రిప్టుల్ని బ్రౌజరుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ను అమర్చడమే.

అదే ఆఫీసులో పనిచేసే బావమరిది పక్కన చేరాడు. "బావా, ఒకసారి గైడు చూస్తే మంచిదేమో."

"గైడు చూసేవాళ్ళు వేరు, నేను వేరు." ఆ మాట అన్నాక ఇంజనీరు ప్రాణానికి ఎంతో హాయిగా అనిపించింది.

ఫోల్డరులో కొత్త ఫైలు కనిపించగానే మార్చమని కంపైలర్‌కు చెప్పాడు. వెతుక్కునే శ్రమ ఉండదని, మార్చినదాన్ని కూడా అదే ఫోల్డరులో పెట్టమన్నాడు. కంపైలర్ చెప్పిన మాట జవదాటదు. ఒకటి మార్చి పెట్టింది. అదీ కొత్త ఫైలే కదా అని దాన్నీ మార్చింది. ఆ తర్వాత దాని పిల్లనీ మార్చింది.

"బావా, ఫైళ్ళు పెరుగుతున్నాయి."

"పెరగనీ. పని జరుగుతోందన్నమాట."

లెక్క వేలు దాటాక ఇంజనీరుకు చెమట పట్టింది. ఆపుదామంటే, కంపైలర్ నడుస్తున్న సర్వర్ ఉలకదు, పలకదు. బావమరిది కొన్ని చెరిపితే, అవి లేవేమని కంపైలర్ మళ్ళీ చేసి పెట్టింది. అచ్చం రక్తబీజుడితో యుద్ధమే. ఇద్దరూ కీబోర్డులు టకటకలాడించడం చూసి, ఎంత కష్టపడుతున్నారో అని మేనేజరు మురిసిపోయాడు. వాళ్ళను ఎవరూ కదిలించొద్దని అందరికీ చెప్పాడు. దాంతో, ఏమైందో చూద్దామని వచ్చిన సర్వర్లు చూసే ఆయన కూడా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆయన్ని పిలుద్దాం బావా."

"పిలిస్తే నాకు చేతకాదని తేలిపోదూ?"

క్లయింటు రానే వచ్చాడు. అప్లికేషన్ తెరుచుకోక, మేనేజరు ఇంజనీరు తెరనే గోడ మీద చూపించాడు. పుట్టుకొస్తున్న ఫైళ్ళను క్లయింటు కళ్ళప్పగించి చూశాడు.

"ఇవన్నీ ఎప్పుడు చేశారండీ?"

"ఇవాళ పొద్దుటి నుంచే" అన్నాడు ఇంజనీరు. అందులో అబద్ధం లేదు. అతని ఛాతీ ఉబ్బింది కూడా.

మేనేజరు అక్కడికక్కడే అతన్ని టీమ్ లీడ్‌ని చేసేశాడు. క్లయింటు వైపు తిరిగి, "ఈ లెక్కన ఏడాది పని శుక్రవారానికే ఇచ్చేస్తాం" అన్నాడు.

"శుక్రవారానికా?" అన్నాడు కొత్త లీడ్.

"నీ ఇష్టమయ్యా. నీకు చేతనవుతుందంటే గురువారమే అందాం" అన్నాడు మేనేజరు.

కొత్త లీడ్ చొక్కా సర్దుకుని, కాస్త ఆలోచించినట్టు ఆగి, "శుక్రవారమే ఉంచండి" అన్నాడు.